రెండు లీవ్స్

గుమాస్తా ఆ రోజు పొద్దున వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్ళి, రెండు రోజుల సెలవుకు అర్జీ పెట్టి, సంతకం చేయించుకోవడం. మర్నాడు వాళ్ళమ్మ కంటికి శుక్లం ఆపరేషన్. ఆ మర్నాడు కట్టు విప్పుతారు.

"కట్టు తియ్యగానే ముందు నీ మొహమే చూడాల్రా. నువ్వు లేకపోతే కన్ను తెరవనంతే! డాక్టరుకి కూడా చెప్పేశాను," అంది ఆవిడ.

అన్నంత పనీ చేసే మనిషి. పదేళ్ళ కిందట పక్కింటావిడతో మాట్లాడనంది, ఇప్పటిదాకా మాట్లాడలేదు.

అర్జీ ఇంగ్లీషులో చక్కగానే రాశాడు పాపం. రెండు రోజుల లీవ్ ఇప్పించండి అని. అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. తప్పులేమైనా ఉన్నాయేమోనని హెడ్ క్లర్కుకు చూపించాడు. ఆఫీసంతా ఆయన్ని గ్రామర్ గారంటారు.

ఆయన ఖళ్ళు ఖళ్ళున దగ్గి, ఎర్ర పెన్ను తీశాడు. "ఏవయ్యా, రెండన్నాక బహువచనం వద్దూ? మ్యాన్ అయితే మెన్, టూత్ అయితే టీత్. షీప్ ఎన్నున్నా షీపే, దాని ఖర్మ. లీవ్‌కేం రోగం? ఎస్ పెట్టు!" రోజుల్ని కొట్టేసి, 'రెండు లీవ్స్ ఇప్పించండి' అని దిద్ది ఇచ్చాడు.

కొత్తగా వచ్చిన ఆఫీసరు గారి గది తలుపు మీద, 'ఏదైనా కాగితం మీదే రాయాలి' అని బోర్డు ఉంది. ఆయనకు కాగితాల తర్వాత ప్రాణం వామాకు మొక్క. బదిలీ మీద వస్తూ కుండీని ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. రోజూ ఆకులు లెక్కపెడతాడు. ఈ వారంలో అయిదు తగ్గాయి. దొంగ ఎవడా అని కుతకుతలాడుతున్నాడు.

ఇంగ్లీషులో ఒక ఆకు లీఫ్. రెండో ఆకు చేరగానే ఎఫ్ పోయి వి వచ్చి లీవ్స్ అయి కూర్చుంటుంది. ఎందుకంటే ఎవరు చెప్పొచ్చారు?

అర్జీ చదివి ఆఫీసరు అదిరిపడ్డాడు. అటెండరమ్మ చేత జవాబు పంపాడు: 'లీవ్స్ ఇవ్వబడవు. ఇప్పటికే అయిదు పోయాయి.'

గుమాస్తా వెంటనే ఇంకో కాగితం తీశాడు. 'నేను తీసుకున్నది మూడే సార్. ఒకటి కడుపునొప్పికి. రెండు మా ఆవిడతో కలిసి ఆనందంగా వాడుకున్నాను' అని రాశాడు.

'ఇంటికి కూడా పట్టుకెళ్ళారా! మిగతా రెండు ఎవరు తిన్నారు?' అని ఆఫీసరు తిరిగి రాశాడు.

నా సెలవులు ఇంకెవరో తినేస్తున్నారా అని గుమాస్తాకు ఒళ్ళు మండింది. 'ఏడాదికి తలా పన్నెండు లీవ్స్ మా హక్కు. పాత ఆఫీసరు గారు అడగ్గానే ఇచ్చేవారు' అని రాసి పడేశాడు.

ఆఫీసరు లెక్క వేశాడు. ఆఫీసులో పదకొండు మంది. తలా పన్నెండు. మొక్కకు మిగిలినవి ముప్ఫై ఒకటి. ఆయన లేచి కుండీని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

సాయంత్రం అయిదు గంటలు కావస్తోంది. ఇక లాభం లేదని గుమాస్తా బోర్డును కూడా లెక్కచేయకుండా లోపలికి దూరాడు.

"మా అమ్మ కళ్ళ కోసం సార్! కాదనకండి సార్!"

"కళ్ళకి పనిచెయ్యదయ్యా! ఇది దగ్గుకి!"

"దగ్గుకి ఎవరిస్తారు సార్ రెండు రోజులు?"

"రోజులేంటి?"

"సెలవు సార్."

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. "సెలవా? మరి ఆ చివర ఎస్ ఎందుకు తగిలించావయ్యా?"

"నేను కాదు సార్. గ్రామర్ గారు దిద్దారు."

అప్పుడే గ్రామర్ గారు, ఏమిటీ గోలంటూ దగ్గుకుంటూ వచ్చాడు. ఆయనతో పాటు గదిలోకి వాము వాసన కూడా వచ్చింది.

"రోజూ నాలుగ్గంటలకి కిటికీ దగ్గర నిలబడి ఆకు నమిలేది ఈయనే సార్," అంది అటెండరమ్మ. "కాగితం మీద రాయాలన్నారుగా, నాకు రాయడం రాదు, అందుకే చెప్పలేదు."

ఆఫీసరు గుమాస్తా అర్జీ మీద సంతకం చేసి, "అమ్మని జాగ్రత్తగా చూసుకో," అన్నాడు. గుమాస్తా అర్జీని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత ఆయన ఇంకో కాగితం తీసి, హెడ్ క్లర్కుకు అయిదు లీవ్స్ కట్ అని రాశాడు.

మూడో రోజున కట్టు విప్పారు. అమ్మ కన్ను తెరిచి కొడుకును తేరిపార చూసింది. "జుట్టు ఇంత ఊడిపోయిందేంట్రా! నాకు ఒక్కరూ చెప్పలేదే," అని బుగ్గ నిమిరింది.

ఆఫీసులో గ్రామర్ గారు మాత్రం ఇంగ్లీషులో లీవ్‌కు బహువచనమే లేదని నాలుగు పేజీల అర్జీ రాస్తున్నాడు.