కొండెక్కిన కోమల

కథల్లోని ఆడపిల్లల భద్రతే దేశభద్రత అని చిక్కబళ్లాపురంలో కొత్తగా వెలసిన బాలికా సాహసకథల మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. (బయట తిరిగే ఆడపిల్లల సంగతి వేరే మండలి చూస్తుంది. అది ఇంకా పుట్టలేదు.)

బాగేపల్లిలో పిల్లలకు పాఠాలు చెప్పే హేమావతి ఒక పుస్తకం రాసింది. అందులో కోమల అనే పదేళ్ల పిల్ల ఒంటరిగా కొండెక్కి, శిఖరం మీద నిలబడి, తన ఊరు ఎంత చిన్నదో చూసి పకపకా నవ్వుతుంది. పుస్తకమంతా ఆ నవ్వు కోసమే రాసింది. దాన్ని సినిమాగా తీస్తామని ఎవరో ముందుకొచ్చేసరికి హేమావతి కాళ్లు నేల మీద నిలవలేదు. ఇక మండలి ఒప్పుకోవడమే తరువాయి.

"ఏమ్మా, ఈ పాప ఒక్కతే కొండకు పోతాండాది. ఇంట్లో పెద్దోళ్లు యాడ సచ్చినారు?" అన్నాడు అధ్యక్షుడు గోపాలప్ప.

"ఇది కథప్పా."

"కథైతే కాలు జారదా? తమ్ముణ్ణి తోడు పంపు. ఎంత చిన్నోడైనా మగపిల్లోడు."

అలా మూడేళ్ల తమ్ముడు కోమలకు రక్షకుడిగా నియమితుడయ్యాడు. (రక్షకుణ్ణి చంకనెత్తుకుని నడవాలి.) పోనీలే, కోమల కొండెక్కితే చాలనుకుంది హేమావతి.

రెండో సమావేశంలో సభ్యురాలు సుజాతమ్మకు పిల్లాడి ఆకలి గుర్తొచ్చింది. అమ్మను చేర్చారు. అమ్మకు తోడు అవ్వ, అవ్వకు తోడు నాన్న. నాన్న వెళితే పాలెవరు పిండుతారు? ఆవును కూడా కొండెక్కించారు. (డెయిరీని కొండెక్కించాలన్న ప్రతిపాదన ఒక్క ఓటుతో వీగిపోయింది.)

అంతా అయ్యాక మరో సభ్యుడు మునినారాయణ గొంతు సవరించుకున్నాడు. "అందురూ పోతే ఇల్లెవురు చూసుకుంటారు? ఒకరన్నా ఉండాల కదా?"

సభ లోతుగా ఆలోచించింది. పిల్లాణ్ణి అమ్మ ఎత్తుకుంది, అమ్మకు అవ్వ తోడుంది, ఆవును నాన్న పట్టుకున్నాడు. ఆ గుంపులో పనీపాటా లేనిది కోమల ఒక్కతే.

హేమావతి లేచి నిలబడింది. "అయితే కొండ మింద నవ్వేదెవురప్పా?"

"ఆవు తప్ప అందురూ నవ్వుతారులేమ్మా," అని గోపాలప్ప అభయమిచ్చాడు.

సినిమాలో కోమల గడపలో నిలబడి అందరికీ చేయి ఊపింది. పేరు మాత్రం 'కొండెక్కిన కోమల' అనే ఉంచారు. మండలి దాన్ని ఉత్తమ బాలికా సాహస చిత్రంగా ప్రకటించింది.

తొలి ఆట చిక్కబళ్లాపురంలో. హేమావతి పట్టుచీర కట్టి, పూలు ముడుచుకుని, చెప్పులు కూడా తొడుక్కుంది.

"అంత దూరం ఒక్కదానివే యాట్ల పోతావమ్మా?" అని అత్త కౌసల్యమ్మ తోడు బయల్దేరింది. అత్తకు తోడు మామ, మామకు తోడు హేమావతి భర్త నందీశ్, దారిలో కబుర్లకు ఆడబిడ్డ, ఆమె పిల్లలు. కారు కిక్కిరిసింది. మిద్దె మీద శెనక్కాయలు ఎండుతున్నాయి. పైన మబ్బు పట్టింది.

"మరి ఇంటికాడ..." అని కౌసల్యమ్మ మాట మొదలుపెట్టేలోపే హేమావతి చెప్పులు విప్పేసింది.

రచయిత్రి తరఫున మామగారు శాలువా కప్పించుకున్నారు.

ఆడపిల్ల ఇల్లు దాటడానికి మండలి దగ్గర పుస్తకం నిండా నిబంధనలున్నాయి. ఒంటరిగా ఇంట్లో ఉండిపోవడానికి మాత్రం తోడు అక్కర్లేదట.