సింహం తోక కత్తిరింపు

ఒక పెద్ద అడవిలో, సముద్రపు ఉప్పుగాలి నేరుగా తగిలే అంచున, ఒక ముసలి నేరేడు చెట్టు ఉండేది. దాని మీద బోలెడు కాపురాలు. పై కొమ్మల్లో గబ్బిలాలు, నడిమి కొమ్మల్లో కోతులు, తొర్రలో మాణిక్యాంబ అనే చిలక, దాని మొగుడు, ఇంకా రెక్కలు రాని పిల్లలు.

చెట్టుకొక సంరక్షణ సంఘం కూడా ఉండేది. దానికి అధ్యక్షుడు వీర్రాజు అనే దున్న. వీర్రాజు జన్మలో చెట్టెక్కి ఎరగడు. కాని మధ్యాహ్నం ఆ నీడలో పడుకునేవాడు, లేచాక కాండానికి వీపు గోక్కునేవాడు. చెట్టుతో అంత దగ్గరి సంబంధం ఇంకెవరికీ లేదని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. కార్యదర్శి నాగభూషణం అనే నక్క. ఉపాధ్యక్షుడు కొండలరావు అనే కోతి.

వేసవి చివర్లో ఒకసారి గాలి స్తంభించిపోయింది. ఒళ్ళంతా జిడ్డు. ఆకు కదలదు. సముద్రం మీద వాయుగుండం పుట్టిందని చెప్పి కొంగలు లోపలి అడవికి ఎగిరిపోయాయి.

మాణిక్యాంబ సంఘం సమావేశానికి వచ్చింది.

"అధ్యక్షా, ముందు ఆ ఎండుకొమ్మ తీయించండి. గాలొస్తే మొదట విరిగేది అదే. పైన ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మల్లో కొన్ని తీస్తే గాలి సందుల్లోంచి దూరిపోతుంది. అంతకు మించి చెట్టును ముట్టుకోవద్దు."

సభలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎండుకొమ్మ సంఘం వేదిక. కొండలరావు దాని మీద నిలబడే ఉపన్యాసాలిస్తాడు.

"వేదిక తీసేస్తే నేనెక్కడ మాట్లాడాలి?" అన్నాడు కొండలరావు.

"ఆకులున్న కొమ్మ మీద మాట్లాడు."

"ఆకుల్లో నేను కనబడను కదమ్మా! కనబడకుండా మాట్లాడితే ఎవరు వింటారు?"

నక్క గొంతు సవరించుకున్నాడు. "చెట్టు మీద కాపురం ఉన్నంత మాత్రాన చెట్టు గురించి తెలిసిపోదు. మనం నిపుణుణ్ణి పిలిపిద్దాం."

అలా వచ్చాడు పానకాలు అనే మేకపోతు. గడ్డం ఉంది. నడకలో నిదానం ఉంది. రాగానే చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, అందిన రెమ్మ ఒకటి తెంపి, కళ్ళు మూసుకుని నమిలాడు.

"మీకు అనుభవం ఉందా?" అడిగాడు దున్న.

"ఎన్ని అడవులు చూశాననుకున్నారు! నేను అడుగుపెట్టిన ప్రతిచోటా ఇప్పుడు గాలి ధారాళంగా వీస్తోంది."

"మరి మా చెట్టుకేం రోగం?"

"ఆకులెక్కువయ్యాయి."

"అరె, ఎలా చెప్పగలిగారు?"

"రుచిని బట్టి," అన్నాడు పానకాలు, ఇంకో రెమ్మ అందుకుంటూ.

చికిత్స కూడా అక్కడికక్కడే చెప్పాడు. కొమ్మ పొడుగునా ఆకులూ రెమ్మలూ దూసేసి, చివర ఒక్క కుచ్చు మాత్రం ఉంచాలి. దాని పేరు సింహం తోక కత్తిరింపు. "మృగరాజుగారి తోక చూడండి. ఎంత గాలొచ్చినా ఎప్పుడైనా విరిగిందా?"

నక్క కళ్ళు మెరిశాయి. రాజుగారి తోక పేరు మీద పథకం! కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

"ఇక చెట్టు మొదట్లో," అన్నాడు పానకాలు, "మట్టీ కుళ్ళిన గడ్డీ కలిపి కాండం చుట్టూ గుట్టగా పోయాలి. రోజూ తడపాలి. లేకపోతే చెట్టుకు చలేస్తుంది."

అంత ఉక్కలో చలేమిటని ఎవరూ అడగలేదు. వీర్రాజుకు మాత్రం ఒక సందేహం వచ్చింది. "ఆ గుట్ట ఎప్పుడూ బురదగానే ఉంటుందా?"

"ఎప్పుడూ."

"అందులో పడుకోవచ్చా?"

"అధ్యక్షులు పడుకుంటే చెట్టుకు మరీ మంచిది."

"అయితే ఆమోదించాం!"

మాణిక్యాంబకు ఒళ్ళు మండింది. "కాండానికి తడి అంటిపెట్టి ఉంచితే బెరడు కుళ్ళుతుందయ్యా! బరువంతా చివరే ఉంటే కొమ్మ కొరడాలా ఊగి విరుగుతుంది. తోకకూ కొమ్మకూ తేడా తెలీదా మీకు?"

"అమ్మా," అన్నాడు పానకాలు మేకపోతు గాంభీర్యంతో, "మీరు జీవితంలో ఎన్ని చెట్లు తిన్నారు? అదే, చూశారు?"

ఓటింగు పెట్టారు. గబ్బిలాలన్నీ మాణిక్యాంబ వైపే. ఆకులు పోతే పగలు ఎండలో నిద్రపట్టదని వాటి భయం. అన్నీ రెక్కలెత్తాయి. కాని అవి తలకిందులుగా వేలాడుతున్నాయి.

"రెక్కలు కిందికి దించారు," అన్నాడు నక్క. "తటస్థం. తీర్మానం నెగ్గింది."

మర్నాటి నుంచి కోతులు పైన ఆకులు దూయడం, పానకాలు కింద నిలబడి "చెత్త" తొలగించడం మొదలైంది. దున్న బురదగుట్టలో దొర్లుతూ పర్యవేక్షించాడు. దొర్లినప్పుడల్లా కొమ్ములు వేళ్ళను పెళ్ళగించేవి. అది కూడా సేవలోకే వేసుకున్నారు.

చిలక మొగుడు తొర్రలోంచి తొంగి చూశాడు. "సంఘంతో మనకెందుకే? ఇంకో చెట్టు చూసుకుందాం."

"పిల్లలకు రెక్కల్లేవు. మెడ కరుచుకుని ఇల్లిల్లూ తిప్పడానికి నేనేమైనా పిల్లినా?"

కొండలరావు తొర్ర పక్కనున్న పెద్ద కొమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. తొర్రలోంచి ఎర్రటి ముక్కు బయటికొచ్చి వేలు పట్టుకుంది. కోతి కేక అడవంతా వినిపించింది.

"ఇంకో వేలు పెట్టు," అంది మాణిక్యాంబ.

కొండలరావు దిగొచ్చి, "ఆ కొమ్మ సహకరించడం లేదు," అని సంఘానికి చెప్పాడు. సరే, దాని సంగతి తర్వాత చూద్దామన్నారు. మాణిక్యాంబ గబ్బిలాలను పిలిచి, మొగుణ్ణి కూడా లాక్కెళ్ళి, ఆ ఒక్క కొమ్మ మీద ఎండు రెమ్మలూ, రాసుకుంటున్న రెమ్మలూ కొరికి తీయించింది. మిగతా ఆకు ముట్టనివ్వలేదు.

తుఫాను పొద్దున్నే విరుచుకుపడింది. కొండలరావు అప్పటికే ఎండుకొమ్మ ఎక్కి, "ఎవరూ కంగారు పడొద్దు, మనం సిద్ధంగా..." అంటున్నాడు. కొమ్మ ఫెళ్ళున విరిగింది. ఉపాధ్యక్షుడు వచ్చి అధ్యక్షుడి మీద పడ్డాడు.

ఆ తర్వాత సింహం తోకలు లేచాయి. చివర కుచ్చుల్ని గాలి పట్టుకుని ఒక్కొక్క కొమ్మనూ ఝాడించింది. ఒకటి విరిగింది. ఇంకొకటి మొదలంటా చీలింది. పెళ్ళగించిన వేళ్ళు పట్టు తప్పి, చెట్టు కిర్రుమంటూ ఒక పక్కకు ఒరిగింది. కోతి తల్లులు పిల్లల్ని పొట్టకు హత్తుకుని, వానలో తడిసి ముద్దై, తొర్ర పక్క కొమ్మ దగ్గరికి పాకాయి.

"మాణిక్యాంబా, కాస్త చోటిస్తావా?"

మాణిక్యాంబ లోపల పిల్లల మీద రెక్కలు కప్పి కూర్చుంది. చుట్టూ చెట్టు మూలుగుతోంది. ఒక్క క్షణం కొండలరావు వేలు గుర్తొచ్చింది. మరుక్షణం, "అడుగుతారేమిటే, రండి! పసివాళ్ళను లోపలి వైపు పెట్టండి. ఆకుల్లో దూరండి!" అని అరిచింది.

గబ్బిలాలూ వచ్చాయి. ఆ కొమ్మ వంగింది, లేచింది, గాలిని ఆకుల సందుల్లోంచి వదిలేసింది. సాయంత్రానికి ఆ చెట్టుకు మిగిలింది ఆ కొమ్మ ఒక్కటే.

వాన వెలిశాక సింహం పరామర్శకు వచ్చాడు. మోడులా నిలబడ్డ నేరేడును చూసి, "ఇదేమిటి?" అన్నాడు.

"తమరి తోక పథకం, ప్రభూ," అన్నాడు నక్క.

సింహం తన తోక తిప్పి చూసుకున్నాడు.

పానకాలు ముందుకొచ్చాడు. "మహారాజా, అడవంతా రాలిన ఆకులతో నిండిపోయింది. ఈ చెట్టు కింద గుప్పెడైనా ఉందేమో చూడండి!"

నిజమే, లేదు. సింహం ముచ్చటపడ్డాడు. తర్వాత పైకి చూశాడు. "మరి ఆ కొమ్మ ఒక్కటీ ఎలా నిలబడింది?"

నక్క తడుముకోలేదు. "అది నిబంధనలకు విరుద్ధంగా నిలబడింది, ప్రభూ."

"చర్య తీసుకోండి," అని చెప్పి, పానకాలును అడవి మొత్తానికి ప్రధాన వృక్ష సలహాదారుగా వేసి సింహం వెళ్ళిపోయాడు.

చర్య తీసుకోమని నక్క కోతుల్ని పురమాయించాడు. కోతి తల్లులు వరసగా ఆ కొమ్మ మీద కూర్చుని పళ్ళు బయటపెట్టాయి. ఒక్కటీ కదల్లేదు. కొండలరావు వేలు చప్పరిస్తూ చూస్తూ ఉండిపోయాడు.

వీర్రాజుకు ఎండ భరించరానిదయ్యింది. నీడ లేని చోట సంఘం నడపడం కష్టమని తీర్మానించి, కార్యదర్శిని వెంటబెట్టుకుని, దూరాన పచ్చగా కనిపిస్తున్న ఇంకో పెద్ద చెట్టును సంరక్షించడానికి వెళ్ళిపోయాడు.

సంరక్షించేవాళ్ళు లేక నేరేడు తొలకరికి మోళ్ళ మీద ఎర్రటి చిగురు పెట్టింది. మాణిక్యాంబ పిల్లలు తొర్ర అంచున నిలబడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, మొదటిసారి ఎగిరాయి.

నీతి: పెద్ద చెట్టును మోడు చేయాలంటే తుఫాను ఒక్కటే చాలదు, సంరక్షణ సంఘం కూడా కావాలి.