కుంటి కుర్చీ సాక్ష్యం

పాస్టరుగారి ఏర్పాటు చాలా తేలిక. పొద్దున్నే వ్యానెక్కడం, తమ చర్చికి జంట సంఘమున్న పల్లెలో అయిదు కుటుంబాలను పలకరించడం, ఇంటికో ప్రార్థన, చీకటి పడేలోపు తిరుగుముఖం. కిటికీ పక్కన కూర్చున్న దర్జీ అక్క ఏర్పాటు ఇంకా తేలిక. ఆమె ఒక కుర్చీలో కూర్చుని, అది కుంటుతుందో లేదో చూసి రావాలి.

ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న ఇంటికోసం నాలుగు కుర్చీలు చేశాడు. వడ్రంగంలో ఆయన చెయ్యి మంచిదేగాని ఓపిక తక్కువ. అందులో ఒకదాన్ని ఈ పల్లెకు తెచ్చి ఇచ్చేశాడు. ఇంట్లో మిగిలిన మూడూ కుంటేవి. "మంచిది ఊరికి, కుంటివి మనకి" అని అమ్మ ఆ రోజు మొదలుపెట్టిన సాధింపు ఆయన పోయాక కూడా ఆపలేదు. "అదీ కుంటిదేనే" అని ఆయన ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. ఆ రెండు గొంతుల మధ్య పెరిగిన కూతురికి ఇప్పుడు ఒక్క గొంతే వినబడుతుంటే ఇల్లు బోసిగా తోచేది. ఈ ఉదయం కూడా అమ్మ గుమ్మంలో నిలబడి, "చూసిరా, నేనే గెలుస్తా" అంది.

మొదటి ఇల్లు ఊళ్ళో అందరికంటే పెద్దదైన అవ్వది. వసారాలో చేతుల కుర్చీ వేసి ఉంది. దర్జీ అక్క కూర్చోగానే అది ఎడమకు ఒరిగింది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

"అవ్వా, ఇది మా నాన్న చేసిన కుర్చీ! కుంటుతోంది!"

"అవును తల్లీ, ఆయన చెయ్యే," అంది అవ్వ, ఇందులో ఇంత సంబరం ఏముందో అర్థంకాక.

రెండో ఇంట్లోనూ అలాంటి కుర్చీయే, అదే కుంటు. "మీకూ ఇచ్చాడా!" అని దర్జీ అక్క పొంగిపోతే ఆ ఇంటామె నేల చూస్తూ తల ఊపింది. మూడో ఇంట్లో కుర్చీ వెచ్చగా ఉంది. "ఎండ పడుతుందిలెండి," అన్నాడు ఆ ఇంటాయన రొప్పుతూ. ఊరికి పాలు పోసేది ఆయనే. నాలుగో ఇంటికీ, అయిదో ఇంటికీ వెళ్ళేసరికి అక్కడి పెరట్లోంచి కూడా పాలాయనే వస్తూ కనిపించాడు, చెమటలు కక్కుకుంటూ. పాపం, ఊరంతా పాలు పోయాలి కదా అనుకుంది దర్జీ అక్క.

అయితే నాన్న చాటుగా ఇంటికొకటి చేసిచ్చాడన్నమాట! ఆమె కళ్ళనిండా నీళ్ళతో ఈ సంగతి చెప్పగానే పాస్టరుగారు ఆగలేకపోయారు. ఆయన రాళ్ళచేత కూడా సాక్ష్యం చెప్పించగల మనిషి.

"అయిదు కుర్చీలూ తెచ్చి చర్చి ముందు వరసగా వేయండి. ఫోటో తీసి వచ్చే ఆదివారం మన సంఘంలో చూపిద్దాం!"

ఊరివాళ్ళ మొహాల్లో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"మాదాంట్లో మా మామగారు నిద్రపోతున్నారండి."

"మాదానికి రంగేశాం, ఇంకా ఆరలేదు."

"మాదానికి చెదపట్టింది."

"ఇందాకేగా నేను కూర్చున్నాను?" అంది దర్జీ అక్క.

"ఆ తర్వాతే పట్టిందండి."

ఆమె మొహం వాడిపోయింది. నాన్న చేసినవాటికి ఇక్కడ ఇంతే విలువ కాబోలు. "ఇష్టం లేకపోతే వద్దులెండి, పాత కుర్చీలేగా," అంది. ఆ మాట అవ్వకు గుచ్చుకుంది. పాలాయనకు సైగ చేసింది. అతను కుర్చీని నెత్తిన పెట్టుకుని వచ్చి అందరి ముందూ దించాడు.

"ఉన్నది ఇదొక్కటే తల్లీ. ఎవరింటికి చుట్టమొస్తే ఆ ఇంటిది అని మీ నాన్నే చెప్పి ఇచ్చాడు. నువ్వు ఒక గడప దాటగానే వీడు పెరటిదారిన మోసుకుని పరిగెత్తాడు. నువ్వు అలా మురిసిపోతుంటే కాదనడానికి మాకు నోరు రాలేదు."

దర్జీ అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. నాలుగు పోతే పోయాయి, కావలసిన ఆ ఒక్కటీ కుంటుతోంది. నాన్న గెలిచాడు.

"పోనీలే అవ్వా, మొదట్నుంచీ కుంటిదే అయినా ఇన్నేళ్ళు భద్రంగా చూసుకున్నారు."

అవ్వకు రోషం వచ్చింది. "మొదట్నుంచీనా? ఎంత మాట! వచ్చినప్పుడు రాయిలా నిలబడేది. మోసి మోసి, దించినప్పుడల్లా ఈ మూలే నేలకు కొట్టుకుని అరిగింది. 'నాలుగు కుర్చీల్లో ఇదొక్కటే కుదిరిందవ్వా, చుట్టాలకు మంచిదే ఉండాలి' అన్నాడు మీ నాన్న."

తిరుగుదారంతా దర్జీ అక్క అవ్వ మాటే తలచుకుంది. ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"కుంటుతోందా?"

"కుంటుతోందమ్మా. కూర్చుని మరీ చూశాను."

అమ్మ లోపలికి వెళ్ళింది. కొంగుతో నాన్న ఫోటో తుడిచి, "పిచ్చి మనిషి. ఇంకాస్త గట్టిగా చెప్పొచ్చుగా," అంది. తర్వాత ఇంట్లో ఉన్న మూడింటిలో బాగా కుంటేదాన్ని లాక్కుని దానిమీదే కూర్చుంది.

ఇంటింటా ప్రార్థన చేసివచ్చిన మనిషి, అబద్ధం ఎలా ఆడుతుంది?