చందమామ మాత్రలు

పొద్దున పదింటికి అధికారి వస్తాడు, పదకొండుకల్లా మెచ్చుకుంటాడు, బదిలీ కాగితం మీద సంతకం పెడతాడు. నర్సు కృపాకుమారి వేసుకున్న లెక్క ఇదీ. రైల్వేలో పనిచేసే భర్త, ఐదేళ్ళ కూతురు ఆశ్రిత గుంతకల్లులో ఉంటే, ఆమె రెండేళ్ళుగా కుందుర్పి దగ్గర ఈ పల్లె ఆసుపత్రిలో ఒంటరిగా ఉంటోంది. "అమ్మా, ఎప్పుడొస్తావు?" అని పాప ఫోన్లో అడిగినప్పుడల్లా ఆమె ప్రాణం ఉసూరుమంటుంది.

వచ్చే అధికారి ఈశ్వరప్పను మెప్పించడానికి ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. చదువు రాని బీపీ రోగుల కోసం మాత్రల కవర్ల మీద తనే బొమ్మలు గీసింది. పొద్దున మింగాల్సిన వాటికి సూర్యుడు, రాత్రివాటికి చందమామ. అవి పంచి సరిగ్గా నెలైంది.

తొమ్మిదింటికి బయమ్మ అనే అవ్వ వచ్చి బెంచీ మీద కూర్చుని కవర్లు తీసింది. సూర్యుడి కవరు ఖాళీ. చందమామ కవర్లో ముప్పైకి ఇరవై ఎనిమిది అట్లాగే ఉన్నాయి.

"ఏందవ్వా ఇది? రాత్రి మాత్రలు మింగలేదా?"

"మింగినా కదమ్మా. నువ్వు గీసింది సన్న చందమామ. అట్లాంటిది నెలకు రెండు నాళ్ళే కనపడేది."

కృపాకుమారి గబగబా పెన్ను తీసి ఆ చందమామను గుండ్రంగా చేసింది. చేయకపోయుంటే బాగుండేది. వరుసలో ఉన్నవాళ్ళంతా తమ తమ చందమామలను పోల్చి చూసుకోవడం మొదలుపెట్టారు. చేత్తో గీసినవి కదా, ఒకటి లావు, ఒకటి సన్నం. లావు చందమామది బలమైన మందని ఎవరో తేల్చేశారు. ఇంకేముంది, ఒకరి కవర్లు ఒకరు లాక్కున్నారు. మందు అందరిదీ ఒకటే కాబట్టి సరిపోయింది.

"చందమామే వద్దు!" అని ఆమె అన్ని కవర్ల మీదా చాప బొమ్మ గీసింది. "పండుకునే ముందర మింగండి."

"అట్లయితే నేను మధ్యాన్నం మింగుతా," అన్నాడు వరుసలో ఉన్న నాగప్ప.

"మధ్యాన్నం ఏందన్నా?"

"రాత్రంతా చెనక్కాయ చేన్లో అడివిపందులకు కావిలి ఉంటా కదమ్మా. నేను పండుకునేది మధ్యాన్నమే. సూర్యుడి మాత్ర మాత్రం ఒక్కనాడూ తప్పలేదు. మబ్బు పట్టిన్నాడు మానేద్దామనుకుంటి, ఈ ఊర్లో మబ్బు పడితే గదా!"

అప్పుడే గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. ఈశ్వరప్ప ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఏమో. కృపాకుమారి చేతిలోని కవర్లను గబుక్కున వెనక దాచుకుంది.

"బొమ్మలు గీస్తే అర్థమైపోతాదామ్మా?" అన్నాడాయన. "చదువు లేకపోతే ఇంతే. నేనూ బీపీ మనిషినే. నాకెవరన్నా బొమ్మలు గీసినారా?"

"అయితే నువ్వూ చూపించుకో సారూ," అంటూ బయమ్మ పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. అంతమంది ముందు కాదనలేక ఆయన చెయ్యి చాపాడు. మిషన్ నూట ఎనభై చూపించింది.

"మాత్రలు మింగుతాండారా సార్?"

"పోయిన నెల నార్మల్ వచ్చింది. అందుకే మానేసినా."

బెంచీ అంతా గొల్లున నవ్వింది. "మాత్ర మింగబట్టే గదా సారూ తగ్గింది!" అన్నాడు నాగప్ప. "తగ్గినా మానగూడదని సిస్టరమ్మ మా నోటితోనే చెప్పించి పంపించింది," అంది బయమ్మ.

ఈశ్వరప్ప జేబులోంచి పెన్ను తీశాడు.

"కాగితం ఇట్లియ్యమ్మా. పదేండ్లలో నాకెవరూ ఇట్ల చెప్పలేదు."

సంతకం పడింది. కృపాకుమారికి సంతోషంతో కళ్ళు నిండాయి. అయినా అలవాటు ఊరుకోదు కదా. ఆయన జీపులో పడి ఉన్న మాత్రలు తెప్పించి చేతిలో పెట్టి, "ఎట్లా మింగుతారో మీరే చెప్పండి సార్," అంది.

"రోజూ పొద్దున్నే ఒకటి," అన్నాడాయన ధీమాగా. "నార్మల్ వచ్చేదాకా."

బయమ్మ నెత్తి కొట్టుకుంది. "సిస్టరమ్మా, నువ్వు పాప కాడికి పో తల్లీ. ఈ సారుకు మేం నేర్పిస్తాం."

ఈశ్వరప్ప జీపు కదిలేసరికి పొద్దుగూకింది.