ఆత్మారాం గారింటి సెల్లులు

బోధన్‌లో చేతిఫోనును అందరూ సెల్లు అని పిలవడం మొదలుపెట్టిన రోజులవి. విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకులు ఆత్మారాం గారికి మాత్రం ఆ మాటకు జీవకణమనే అర్థం తప్ప మరొకటి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ వారికి కనిపించలేదు.

ఒకనాటి ఉదయం పూర్వవిద్యార్థిని మాసూమా ఒక నల్లని పెట్టె తెచ్చి వారి చేతికిచ్చింది.

"సార్, లోపల గాజుపళ్ళెం మీద నేను జేసిన పొర ఉంది. చీకట్ల సెల్లులు దాన్ని పట్టుకొని ఉంటయి. నీలం వెలుగు పడితే పొర ముడుసుకుంటది, సెల్లులు వదిలేస్తయి. మధ్యాహ్నం కాలేజీల ప్రిన్సిపాల్‌కు జూపెట్టాలె. గిది కుదిరితేనే నాకు నౌకరి. ఇంకో పళ్ళెం లేదు సార్. నేను పోయి అక్కడ అన్నీ సర్దొస్త."

"నిశ్చింతగా వెళ్ళిరామ్మా. మూత కదలదు," అన్నారు ఆత్మారాం గారు.

వారి భార్య గంగుబాయి తలుపు చాటున విన్నది సగం. గోడ అవతల బీడీలు చుడుతున్న పెంటవ్వకు చెప్పింది మొత్తం. "పెట్టెనిండ సెల్లులున్నయే. మా సారు ఎవ్వలకు సూపెడ్తలేడు!"

కాసేపటికి వాకిలి నిండిపోయింది. అందరికంటే ముందు, దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన హన్మాండ్లు నిలబడ్డాడు.

"సార్, సెల్లులున్నయంట గదా?"

సర్వీసు మొత్తంలో ఒక్క ప్రాణి కూడా సందేహం అడగడానికి ఆ గడప తొక్కలేదు. ఆత్మారాం గారి కళ్ళు చెమర్చాయి. కండువా సవరించుకొని లేచి నిలబడ్డారు.

"ఉన్నాయి నాయనా. లక్షల్లో ఉన్నాయి."

"అమ్మో! దేంతోని నడుస్తయి సార్?"

"వెలుతురుతో. వెలుతురే వాటిని నడిపిస్తుంది."

హన్మాండ్లు వెనక్కి తిరిగి కేకేశాడు. "చార్జింగు అక్కరలేదంటనే!"

"రేపటికి ఒక్కొక్కటి రెండవుతుంది."

"ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంట!"

వరుస వీధి మలుపు దాటింది.

"ఒక్కటి సూపెట్టున్రి సార్."

"ఉత్త కంటికి కనిపించవు నాయనా."

"గంత సన్న మోడలా!" అంటూ హన్మాండ్లు ఉండబట్టలేక కిటికీలు మూసిన లోపలి గదిలోకి దూరి, పెట్టె మూత లాగి, దుబాయి టార్చి వేశాడు. నీలపు ఛాయ వెలుగు పళ్ళెం నడుమ పడింది. సరిగ్గా అప్పుడే మాసూమా లోపలికి వచ్చింది.

"అన్నా, ఎంత పని జేసినవే!"

ఆత్మారాం గారు చటుక్కున టార్చి లాక్కొని ఆర్పారు. మాసూమా పళ్ళాన్ని వారి పాత సూక్ష్మదర్శిని కింద పెట్టి, నీలం సోకకుండా ఎర్ర కాగితం చాటు వెలుతురులో చూసింది. అటూ ఇటూ జరిపి మళ్ళీ చూసింది.

"సార్! టార్చి పడ్డ కాడ వదిలేసినయి. పడని కాడ గట్టిగ పట్టుకునే ఉన్నయి. గింతకంటె ఏం జూపెట్టాలె? ప్రిన్సిపాల్ సార్‌ను జల్ది పిలవాలె!"

వరుసలో ఎవరో దగ్గారు. ముఖానికి అడ్డం పెట్టుకున్న రుమాలు తీసి ప్రిన్సిపాల్ రాజారాం గారు ముందుకు వచ్చారు. వాణిజ్యశాస్త్రం చదివిన పెద్దమనిషి. కటకంలోకి గంభీరంగా చూశారు.

"ఔను. వెలుతురు పడ్డ జాగ ఖాళీ. చుట్టూ నిండుగున్నది. నౌకరి నీదేనమ్మా. సోమవారం వచ్చి చేరు."

మాసూమా కళ్ళు తుడుచుకుంది. జనం నిరాశగా కదిలారు. రాజారాం గారు మాత్రం కాసేపు ఆగి, ఆత్మారాం గారి చెవి దగ్గరకు వంగి, నల్లరంగు సెల్లు ఒకటి తనకోసం పక్కన పెట్టమన్నారు.