హాల్లోకి వచ్చిన నగరం

వీధిలో అందరూ భూతద్దం అని పిలిచే ఆ కళ్ళజోళ్ళ దుకాణదారుకి నలభై రెండేళ్ళు వచ్చాయి గానీ డ్రైవింగు రాలేదు. ఆయన భార్యేమో డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది.

ఊళ్ళో సగంమంది ఆవిడ దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్నారు. శిష్యుడి పక్క సీట్లో కూర్చుని, తన కాలి కిందున్న రెండో బ్రేకుని నమ్ముకుని బతుకుతుంది కాబట్టి వాళ్ళు ఆవిడకి బ్రేకమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లో ఆ బ్రేకు కనిపించదు. పడుతుంది, అంతే.

రోజూ పొద్దున భూతద్దం భార్య స్కూటరు వెనక కూర్చుని దుకాణానికి వెళ్తాడు. దిగగానే ఆవిడ ఆయన హెల్మెట్ తీసుకుని, కాలరు సరిచేసి, "మధ్యాహ్నం డబ్బా మొత్తం తినండి" అని చెప్పి మరీ వెళ్తుంది. ఎదుటి దుకాణాలవాళ్ళు ఆ దృశ్యం కోసమే పెందలాడే షట్టర్లు తీస్తారని ఒక పుకారు.

ఇంతకీ భూతద్దానికి ఒక వ్యసనం ఉంది. దుకాణం కట్టేసి ఇంటికి రాగానే టీవీ ముందు కూర్చుని వీడియో గేమ్ ఆడతాడు. అందులో ఒక పెద్ద నగరం. ఏ కారైనా ఎక్కొచ్చు, ఏ వీధిలోనైనా తిరగొచ్చు, అడిగేవాడు ఉండడు. రోజంతా స్కూటరు వెనక సీటు మనిషికి అంతకన్నా స్వర్గం ఏముంటుంది?

కాకపోతే ఆయన దగ్గరున్నది పాత మిషను. అందులో మేడలన్నీ సబ్బుపెట్టెలు, చెట్లన్నీ కొత్తిమీర కట్టలు, మనుషుల మొహాలు తడిపిన పిండిముద్దలు. కారు కాస్త వేగంగా పోతే రోడ్డు వెనకబడిపోయి, తరవాత తీరిగ్గా వచ్చి చక్రాల కింద పడుకునేది.

ఒకరోజు ఆయన దుకాణం పక్కనున్న ఎలక్ట్రానిక్స్ షాపులో, గోడంత టీవీ మీద, కొత్త మిషన్లో అదే నగరం కనిపించింది. వాన వెలిసిన వీధి. గుంటలో నిలిచిన నీళ్ళలో ఎదురు షాపు దీపాలు తలకిందులుగా వణుకుతున్నాయి. కారు అద్దం మీద ఒక చినుకు జారుతూ జారుతూ ఇంకో చినుకుని కలుపుకుని కిందకి పరిగెత్తింది. భూతద్దం నోరు తెరుచుకుని అరగంట నిలబడ్డాడు. ఆ పూట దూరం కనపడటం లేదని వచ్చిన ఒక పెద్దమనిషికి చదువుకునే అద్దాలు బిగించి పంపాడు.

నేరుగా అడిగితే భార్య ఏమంటుందో ఆయనకి తెలుసు. "ఉన్నది పగిలిందా?" అంటుంది. పగలగొట్టడానికి ఆయనకి ధైర్యం లేదు. అందుకని ఒక ఉపాయం పన్నాడు.

"నేను డ్రైవింగు నేర్చుకుందామనుకుంటున్నాను," అన్నాడు భోజనాల దగ్గర.

బ్రేకమ్మ చేతిలో గరిటె గాల్లో ఆగింది. "ఎవరూ, మీరా?"

"నేనే. రోడ్డంటే నాకు భయం కదా. ముందు ఇంట్లో ప్రాక్టీసు చేస్తాను. కొత్తగా ఒక మిషనొచ్చింది. అందులో నగరం అచ్చం నగరమే. స్టీరింగు, పెడల్సు కూడా ఇస్తారు. పక్క అద్దంలో వెనకొచ్చే బండి కనపడుతుంది. ఎదురెండ కొడితే కళ్ళు చికిలించుకోవాల్సిందే."

"అంత నిజంగా ఉంటుందా?"

"దానికీ నిజానికీ తేడా కనిపెట్టు, నా దుకాణానికి తాళం వేసేస్తాను."

ఆవిడ ఆయన్ని కాసేపు తేరిపార చూసి, "సరే, తెచ్చుకోండి," అంది.

ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందని ఆయనకి అనుమానం రావాలి. రాలేదు. ఆశ స్టీరింగు పట్టినప్పుడు అనుమానం వెనక సీట్లో నిద్రపోతుంది.

మిషను వచ్చింది. గోడంత టీవీ వచ్చింది. అది పట్టడానికి గోడ మీదున్న పెళ్ళిఫోటో పడగ్గదిలోకి కాపురం మార్చింది. సాయంత్రం భూతద్దం స్టీరింగు ముందు కూర్చుని, నగరంలోకెల్లా పొడవైన వంతెన మీద కారుని గాల్లోకి లేపుదామని కాళ్ళు సవరించుకున్నాడు. పక్కన కుర్చీ జరిగిన చప్పుడైంది. బ్రేకమ్మ నోటుపుస్తకంతో కూర్చుంది.

"సీటు బెల్టు," అంది.

"ఇది సోఫా కదే."

"ఉన్నట్టు అనుకుని పెట్టుకోండి. అంతా నిజమేనన్నారు కదా."

ఆయన భుజం మీదనుంచి లేని బెల్టు లాక్కుని, లేని బకిలు బిగించాడు. కారు కదిలింది. వీధి చివర ఎర్రదీపం వెలిగింది.

"సిగ్నలు."

"ఈ ఆటలో సిగ్నలు దగ్గర ఎవడూ ఆగడే."

"మీరు ఆగుతారు."

ఆగాడు. వెనకనుంచి ఒక లారీ వచ్చి ధనామని గుద్దింది.

"చూశావా?" అన్నాడు ఏడుపు మొహంతో.

"తప్పు వాడిది. నెంబరు రాసుకోండి."

ఆటలో కథ కూడా ఉంది. బండి నడుస్తుండగా ఒక దొంగల నాయకుడు ఫోను చేసి పని చెబుతాడు. ఆ ఫోను ఎత్తితేగానీ కథ కదలదు. ఫోను మోగింది. భూతద్దం వేలు బటను దగ్గరికి వెళ్ళింది.

"బండి నడుపుతూ ఫోను ఎత్తుతారా?"

"అతను బ్యాంకు దోచడానికి పిలుస్తున్నాడు."

"అయితే అసలే ఎత్తొద్దు."

అలా కథ మొదటి ఫోను దగ్గరే ఆగిపోయింది. ఆ ముఠా తుపాకులు పట్టుకుని బ్యాంకు ముందు ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

ఇదిలా ఉండగా వెనక పడక్కుర్చీలోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఆవిడ ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దారు. మోకాళ్ళు మొరాయించాక కూతురి దగ్గరికి వచ్చేశారు. అన్నేళ్ళు అచ్చుల మధ్య బతికినావిడ ఇప్పుడు హాల్లో స్థిరపడ్డారు. తప్పు ఎక్కడున్నా ఆవిడ కంట్లో నలుసై పడుతుంది.

"అల్లుడుగారూ, ఆ పసుపు గౌను అమ్మాయి వెళ్ళడం ఇది నాలుగోసారి."

"ఆవిడ వేరే అత్తయ్యా."

"అదే గొడుగు, అదే నడక. పునరుక్తి దోషం. పాపం, ఇంటికి దారి తెలీదేమో."

భూతద్దానికి ఉక్రోషం వచ్చింది. కారు పక్కకి ఆపి, ఒక గోడని దగ్గరికి తెచ్చి చూపించాడు. "ఇది చూడండి. ఆ పగుళ్ళు, ఆ నాచు. ఒక్కో ఇటుక ఒక్కో రంగు. దీన్ని గ్రాఫిక్స్ అంటారు."

"బాగుంది నాయనా. ఇటుకలన్నీ వేరువేరు, మనుషులంతా ఒకటే. ఇదెక్కడి ఊరు?" అన్నారు ఆవిడ. "పన్నెండంతస్తుల మేడ కట్టారు, ఒక్క తాడు మీదా బట్టలు ఆరేసి లేవు. ఇంత వాన కురిసింది, నీళ్ళు పోవడానికి ఒక్క కాలవ లేదు. అచ్చుకి పంపేముందు ఎవరూ చూసుకోలేదు."

ఆ రాత్రి భూతద్దం కలలో కూడా బట్టలు ఆరేయని మేడలే కనిపించాయి.

వారం తిరిగేసరికి ఇంకో పిడుగు పడింది. ఆయన దుకాణం కట్టేసి వచ్చేసరికి గుమ్మంలో కొత్త చెప్పులున్నాయి. లోపల, ఆయన స్టీరింగు ముందు, రిటైరైన జడ్జిగారు కూర్చుని ఉన్నారు. ఆయన బ్రేకమ్మ శిష్యుడు. నాలుగు రోడ్ల కూడలి వస్తే చాలు, ఎటు తిరగాలో తేల్చుకోలేక తీర్పు వాయిదా వేస్తారు. సోఫాలో పళ్ళ డాక్టరమ్మ తన వంతు కోసం కూర్చుంది. ఆవిడ బ్రేకు వేస్తే పన్ను పీకినట్టే ఉంటుంది.

భూతద్దం భార్యని వంటింట్లోకి పిలిచాడు. "ఏమిటిది?"

"మీరే కదా, దీనికీ నిజానికీ తేడా లేదన్నారు. రోడ్డు మీద జనాన్ని గుద్దే బదులు వీళ్ళు ఇక్కడ గుద్దుతారు. జడ్జిగారు టీలో చక్కెర వేసుకోరు, గుర్తుపెట్టుకోండి."

"టీ నేనెందుకు పెట్టాలి?"

"నేను పాఠం చెబుతున్నాను కదండీ."

ఆ రోజునుంచి ఆయన ఇంట్లో ఆయన వంతు పావుగంట. అందులో అయిదు నిమిషాలు బెల్టుకీ అద్దాలు సర్దుకోవడానికీ పోయేది. మిగతా పది నిమిషాలూ గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో, చేతి సంకేతాలతో సహా. ప్రపంచమంతా ఆ నగరంలో విమానాలు దొంగిలిస్తుంటే, ఈయన ఒక్కడే దారి ఇచ్చి, హారను కొట్టకుండా, పాదచారులు దాటేదాకా ఆగేవాడు. ఆ పాదచారుల్లో పసుపు గౌను అమ్మాయి తప్పకుండా ఉండేది. ఆదివారం పొద్దున బ్రేకమ్మ ఆయన్ని ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి అసలు కారు కూడా నడిపించేది. అక్కడ గ్రాఫిక్స్ బాగానే ఉన్నాయి గానీ ఆయనకి చూసే ఓపిక లేదు.

అయిదో వారంలో జడ్జిగారు కూడలిలో ఇరవై నిమిషాలు నిలబడిపోయారు. వెనక నాలుగు వీధుల దాకా కార్లు పేరుకుపోయాయి. టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ భూతద్దానికి సహనం తెగింది. వాళ్ళు వెళ్ళగానే భార్య ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"నీ శిష్యుల మంచికోరి చెబుతున్నాను. ఆ మిషను వాళ్ళని చెడగొడుతుంది. అదంతా అబద్ధం."

"ఏది అబద్ధం?"

"మొత్తం. గోడని గుద్దితే గోడకి గీతైనా పడదు. విరిగిన బంపరు సందు తిరిగేలోపు అతుక్కుంటుంది. నదిలో పడ్డవాడు పొడిబట్టలతో పక్కవీధిలో లేస్తాడు. పెట్రోలు అయిపోదు. వెనక కార్లలో కూర్చున్నవాళ్ళకి కాళ్ళే ఉండవు, నేను చూశాను."

"మొదటిరోజే చెప్పాను," అన్నారు అత్తగారు పడక్కుర్చీలోంచి.

"పైకి మెరుగే గానీ అందులో నిజం చారెడు లేదు," అని ముగించాడు భూతద్దం. వాదన బాగా కుదిరిందని ఆయనకే అనిపించింది.

బ్రేకమ్మ తల ఊపింది. "నాకూ అదే అనిపించింది. అయితే మీరు అసలు రోడ్డు మీదకి రావాల్సిందే. గురువారం పదింటికి మీ టెస్టు. పోయినవారమే తేదీ తీసుకున్నాను."

అప్పటినుంచి ఆయనకి గడ్డం గీసుకుంటున్నా, కళ్ళజోళ్ళు తుడుస్తున్నా అదే దిగులు. బుధవారం దుకాణంలో ఉండగా, ఒక్కసారిగా బుర్రలో దీపం వెలిగింది. ఫెయిలైతే?

ఫెయిలైతే ప్రాక్టీసు కావాలి. ఒకసారి తప్పిన మనిషికి పావుగంట చాలదు. సాయంత్రాలన్నీ ఆయనవే. ఇంటాయన ఫెయిలై ఉండగా బయటివాళ్ళకి నేర్పుతానని ఏ మొహంతో అంటుంది? సిగ్నలు దాటేస్తాను, ఇండికేటరు వెయ్యను, అంతే, అనుకున్నాడు. ఆ పూట ఆయన ఈల వేస్తూ అద్దాలు బిగించాడు.

గురువారం పదింటికి ఇన్‌స్పెక్టరు ఫైలు పట్టుకుని పక్కసీట్లో కూర్చున్నాడు. భూతద్దం తప్పులు మొదలుపెడదామనుకునేలోపే చెయ్యి తనంతట తను వెళ్ళి బెల్టు లాగింది. పోనీలే, ఇంకా చాలా దూరం ఉంది అనుకున్నాడు. మలుపు వచ్చింది. వేళ్ళు ఇండికేటరు వేసేశాయి. ఎర్రదీపం వచ్చింది. "ఆగకు, ఆగకు" అని కాలిని బతిమాలాడు. అయిదు వారాలుగా పక్క కుర్చీలోంచి వినిపించిన గొంతు ఇప్పుడు మోకాలి చిప్పలోంచి వినిపించింది. కారు తెల్లగీతకి జానెడు ముందు, పూలబుట్ట దింపినంత మెత్తగా ఆగింది.

జేబులో ఫోను మోగింది.

"ఎత్తరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"బండి నడుపుతూ ఎత్తకూడదండీ," అనేసి నాలిక కరుచుకున్నాడు.

చివరికి వెనక్కి నడిపి రెండు గుంజల మధ్య పెట్టాలి. ఇదే ఆఖరి అవకాశం. కావాలనే స్టీరింగు తప్పు వైపుకి తిప్పాడు. ఆయనకి వెనక్కి నడిపేటప్పుడు కుడిఎడమలు మొదటినుంచీ తారుమారే. తప్పు తిప్పుదామనుకునేసరికి ఒప్పైపోయి, కారు డ్రాయరు మూసినట్టు వెళ్ళి గుంజల మధ్య కూర్చుంది.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత పద్ధతిగా నడిపినవాళ్ళని చూడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఎవరు నేర్పారు?"

"మా ఆవిడ," అన్నాడు భూతద్దం, తద్దినం భోజనం చేసినవాడి మొహంతో.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి జడ్జిగారు, డాక్టరమ్మ చప్పట్లు కొట్టారు. అత్తగారు పాసైన కాగితం తీసుకుని, మూడుసార్లు చదివి, ఒక కామా తక్కువైందన్నారు. భూతద్దం ఆ సందడిలోనే మెల్లగా వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. పాసైనందుకైనా ఒక గంట అడగొచ్చని ఆయన ఆశ.

"కాస్త లేస్తారా?" అంది బ్రేకమ్మ.

"ఏం?"

"అది ప్రాక్టీసు కోసం కొన్నారు కదా. మీకు లైసెన్సు వచ్చేసింది. ఇంక మీకు ప్రాక్టీసెందుకు? జడ్జిగారికి వచ్చేవారం టెస్టు."

ఆయన నోరు తెరిచాడు. అది అచ్చం నిజమని అంటే, నేర్చుకోవాల్సినవాళ్ళే వరసలో ఉన్నారు. అంతా అబద్ధమని అంటే, అబద్ధంతో ఆయనకేం పని? రెండు మాటలూ తనే చెప్పాడు, గట్టిగా, సాక్షుల ముందు. స్టీరింగు వదిలి లేచాడు.

బ్రేకమ్మ కారు తాళాలు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. "అమ్మని ఆరింటికి మోకాళ్ళ డాక్టరుకి చూపించాలి. రేపు బ్యాంకు, ఎల్లుండి వాళ్ళ పాత ప్రెస్సువాళ్ళ ఇల్లు. మీరు నేర్చుకుంటానన్నరోజే అమ్మకి మాటిచ్చేశాను."

"ఆ రోజేనా?" అన్నాడు నీరసంగా.

"ఆ రోజే. అన్నం తింటూ."

ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగాడు. "మేం తిరిగొచ్చేసరికి ఖాళీ అవుతుందా?"

జడ్జిగారు తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "ఇప్పుడే ఏమీ చెప్పలేం," అన్నారు.

బయట హారను మోగింది. అత్తగారు అప్పటికే ఎక్కి కూర్చున్నారు.