తాడు దాటేదాకా

ఆ పొద్దు ముత్యమ్మ అనుకున్నదల్లా, మొగుడు ఐలన్నకు ఇంత జొన్న గట్క పోసి కలుపు తీయ పోదామని. పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు కొత్తగా లేస్తున్న రోజులవి. కూలీలవన్నీ మట్టి గోడల ఇండ్లే. బిందె చంకన పెట్టుకుని ఆమె బయటికి వచ్చిందో లేదో, భూమి జల్లెడలా ఊగింది. తిరిగి చూస్తే వాడకు వాడే మట్టికుప్ప. దూలం కింద కాలు ఇరుక్కుని ఐలన్న లోపలే అరుస్తున్నాడు.

ఆమె నలుగురిని పిలుచుకొచ్చేసరికి కంపెనీ వాళ్లు వాడ చుట్టూ తాడు కట్టేశారు. కోస్తా నుంచి వచ్చిన సూపర్‌వైజరు భీమశంకరం అడ్డం నిలబడ్డాడు.

"మిగతా గోడలు కూడా పడతాయమ్మా. పాలు, మందులు, కిరసనాయిలు... అట్లాంటి అత్యవసర వ్యాపారాల వాళ్లనే లోపలికి పంపమని ఆర్డరు."

"నా మొగడు లోపటున్నడు సారూ!"

"ఆయనదేం వ్యాపారం?"

"ఏ పనీ చెయ్యడు సారూ. గదే గదా నా ఏడుపు!"

అంతలో పాడెలు కట్టే చిన్నరాములు వెదురు బొంగులు మోసుకుంటూ దర్జాగా తాడు దాటాడు. పక్కింటి ముసలి బీరమ్మ గోడ కింద పోయింది మరి. అతన్ని ఎవరాపుతారు?

ముత్యమ్మ పుస్తెలను గుప్పిట్లో దాచుకుంది. "నా మొగడు సచ్చిండు సారూ. పాడె మొయ్య నలుగురు కావాలె."

భీమశంకరం టోపీ తీసి దారిచ్చాడు.

ఇక చూడండి. ఐలన్న అక్క మల్లవ్వ ఆ మాట విని, "నా తమ్మీ!" అంటూ తాడు బయటే పడి దొర్లింది. ఎవరో డప్పు కూడా తెచ్చారు. అంతే, లోపలి అరుపు ఠక్కున ఆగిపోయింది. ఆ మట్టిలో ఏది ఎవరి ఇల్లో ఆనవాలు లేదు. ఆ అరుపు పట్టుకునే పోవాలి. వచ్చిన నలుగురూ తలలు దించుకున్నారు. ముత్యమ్మ మట్టికుప్పల మీదికి వంగి కేకేసింది.

"ఓ సన్నాసీ! పానముంటే పలుకు!"

మట్టి కింద నుంచి సన్నగా వినిపించింది. "నేను సచ్చిననంటున్నరు గదనే?"

"అన్నది నేనే! పలుకు జల్దీ!"

బీరమ్మ పాడెకు తెచ్చిన బొంగులతోనే దూలం లేపారు. పాపం, ఆమెకిక తొందరేముంది? ఐలన్న కాలు విరిగింది. మోయడానికి ఆ బొంగులతోనే పాడె కట్టారు. తాడు దగ్గర పడుతుండగా అతను మోచేతి మీద లేచాడు. "గట్క ఉన్నదానే?"

"పీనుగేనా అది?" దూరం నుంచి భీమశంకరం కేకేశాడు. "దెబ్బలు తగిలిన మనిషైతే సంగారెడ్డి డాక్టరు వచ్చేదాకా బయటికి పంపొద్దని ఆర్డరు!"

ముత్యమ్మ మొగుడి తల పట్టుకుని కిందికి వత్తింది. "తాడు దాటేదాక సావు!"

ఐలన్న కళ్లు మూసుకున్నాడు. పెండ్లయిన కాడి నుంచి అతను పెండ్లాం మాట విన్నది అదే మొదలు.